సైకిలు బాట కోసం ఒక విందు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. అక్కడి మేడలూ, జలపాతాలూ మీ పిల్లలు ఫోటోల్లో చూపించే ఉంటారు. నేను ఒక్క భోజనం సంగతి చెప్పి ముగిస్తాను.

2023లో మేమిద్దరం కాలిఫోర్నియాలోని డేవిస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. విశ్వవిద్యాలయం ఉన్న చిన్న ఊరు అది. ఎక్కడ చూసినా సైకిళ్ళే. ఊరి అధికార చిహ్నంలో కూడా, ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న పాతకాలపు సైకిలు బొమ్మే ఉంటుంది.

ఒకనాడు అల్లుడుగారు, "మామయ్యగారూ, సైకిళ్ళవాళ్ళ సంఘం నిధుల కోసం విందు చేస్తోంది, మీరూ రండి" అన్నారు. టికెట్టు యాభై డాలర్లు. అలవాటు కొద్దీ రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. నాలుగు వేలు దాటింది! మన వైపు చందా వసూలు చేసి భోజనం పెడతారు. అక్కడ భోజనం పెట్టి చందా వసూలు చేస్తారు. తేడా అంతే.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ ఊరి కథ చెప్పింది. 1960లలో కార్లు పెరిగి సైకిలు తొక్కేవాళ్ళకు దారి కరువైంది. ఫ్రాంక్ చైల్డ్ అనే అర్థశాస్త్ర ఆచార్యులు, నెదర్లాండ్స్‌లో కొంతకాలం ఉండి వచ్చినవారు, సైకిళ్ళకు వేరే బాటలు కావాలని పత్రికకు ఉత్తరం రాశారు. కొన్ని కుటుంబాలు కలిసి సంతకాలు సేకరించాయి. 1966 పురపాలక ఎన్నికల్లో ఆ బాటలు కావాలన్నవారే గెలిచారు. రాష్ట్ర చట్టాన్ని కూడా మార్పించవలసి వచ్చింది. 1967లో రోడ్డు అంచున గీత గీసి సైకిళ్ళకు దారి ఇచ్చారు. ఆ దేశంలో అలాంటి ఏర్పాటు చేసిన మొదటి ఊరు అదే. అంతా ఒక ఉత్తరంతో మొదలైందంటే తపాలావాడిగా నాకు కాస్త గర్వం కలిగింది.

భోజనాలయ్యాక చందా కాగితాలు పంచారు. వాటిలో "ఎవరి జ్ఞాపకార్థం?" అని ఒక గడి ఉంది. అక్కడ నా కలం ఆగింది.

1988లో నేను సబ్ పోస్ట్‌మాస్టరుగా ఉన్న ఊళ్ళో ఒక పోస్ట్‌మ్యాన్ బీటు మార్చమని నన్ను అడిగాడు. "హైవే మీద లారీలు ఒరుసుకుంటూ పోతున్నాయి సార్, భయంగా ఉంది" అన్నాడు. "సైకిలు అలవెన్సు తీసుకుంటూ రోడ్డంటే భయమైతే ఎలాగయ్యా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నెల తిరక్కుండానే లారీ తగిలి అతని కాలు విరిగింది. మళ్ళీ సైకిలు ఎక్కలేదు. ఆఫీసులోనే కూర్చుని ఉత్తరాలకు ముద్రలు వేసేవాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. 2017లో ఆ అలవెన్సును ఎత్తివేయకుండా నెలకు 90 నుంచి 180 రూపాయలు చేసినప్పుడు మనమంతా సంతోషించాం. నాకు మాత్రం నా మాటే గుర్తొచ్చింది. అప్పటికి అతను లేడు.

ఆ గడిలో అతని పేరు రాశాను. ఆ ఊరికీ అతనికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. మా ఆవిడ చూసి, "ఇన్నాళ్ళూ నాకైనా చెప్పలేదేం?" అంది. అందుకే ఈవేళ మీ అందరి ముందూ చెబుతున్నాను.

మిత్రులారా, మన కాలనీ బడి ముందు రోడ్డు మీద సాయంత్రం మన మనవలే సైకిళ్ళు తొక్కుకుంటూ వస్తున్నారు. అక్కడ సైకిళ్ళకు ఒక గీత గీయమని, వేగనిరోధకాలు వేయమని మునిసిపల్ కమిషనరుగారికి అర్జీ రాసి తెచ్చాను. ప్రతి నవంబరులోనూ మనం బతికే ఉన్నామని సంతకం పెడుతున్నాం. ఈ ఒక్కటి పిల్లల కోసం పెట్టండి. కాగితం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. మొదటి సంతకం నాదే.