రెండు రిజిస్టర్లు కలవని చోట

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరికైనా కష్టం వచ్చిందని వింటే మనం నాలుకతో "చ్చొ చ్చొ" అని చప్పరిస్తాం. మనకది జాలి చూపే చప్పుడు మాత్రమే. ఆఫ్రికా దక్షిణాన, కలహారి ఎడారి ప్రాంతంలో, అటువంటి చప్పుళ్ళే హల్లులు. వాటితో మాటలు కడతారు. ఈ భాషలన్నీ 'ఖోయిసాన్' అనే ఒకే కుటుంబమని 1963లో వెలువడిన గ్రంథంలో అమెరికా పండితుడు గ్రీన్‌బర్గ్ చూపారు. ఇప్పుడు చాలామంది పండితులు అలా అనుకోవడం లేదు. దక్షిణాన ఉన్నవి టూ, క్ఖా, ఖోయే-క్వాడి అని మూడు వేర్వేరు కుటుంబాలంటున్నారు. మరి వాటి మధ్య పోలికలు ఎలా వచ్చాయి? చుట్టరికం వల్లనా, ఇరుగుపొరుగు వల్లనా?

సర్వీసులో ఉండగా నేను ప్రతి నెలా ఆఫీసు లెక్కను ట్రెజరీ లెక్కతో సరిచూసేవాణ్ణి. రెండూ కలిసిన చోట టిక్కు పెట్టి ముందుకు పోయేవాళ్ళం. కలవని చోటే ఆగి ఓచర్లు తిరగేసేవాళ్ళం. అసలు సంగతి అక్కడే బయటపడేది. ఈ పరిశోధకులు చేస్తున్నదీ అదే. వారి మొదటి రిజిస్టరు భాష. రెండోది డి.ఎన్.ఎ. అందులో తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా భాగం తల్లి వరసను, తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోము తండ్రి వరసను చెబుతాయి.

నమీబియాలోని డమరా ప్రజలది, పొరుగున ఉన్న నామా ప్రజలది ఒకే ఖోయేఖోయే భాష. జన్యువులు చూస్తే మాత్రం డమరాలు బంటూ భాషలవారైన హెరెరో, హింబాలకు దగ్గర. వారి పూర్వులు ఎప్పుడో భాష మార్చుకున్నారని పరిశోధకుల అభిప్రాయం. దక్షిణాఫ్రికాలోని ఖోసా వారి సంగతి వేరు. వారిది బంటూ భాషే అయినా అందులో చప్పరింపు హల్లులు చేరాయి. వారిలో ఖోయిసాన్ తండ్రుల వరస కన్నా తల్లుల వరస ఎక్కువగా కనబడుతుంది. కోడళ్ళుగా వచ్చిన స్త్రీలే ఆ హల్లులను వెంట తెచ్చి ఉంటారు. కాబట్టి భాషను బట్టి వంశాన్నీ, వంశాన్ని బట్టి భాషనూ నిర్ణయించకూడదు.

అయితే ఈ రిజిస్టర్లు పరిశోధకుల సొత్తు కావు, ఆ ప్రజలవి. గౌరవం, నిజాయితీ, న్యాయం పాటించాలని దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు 2017లో పరిశోధకుల కోసం నియమావళి ప్రకటించారు.

చివరగా ఒక్క మాట. దక్షిణాఫ్రికా 2000లో తన రాజచిహ్నం మీద నినాదాన్ని టూ కుటుంబానికి చెందిన ఖామ్ భాషలో వ్రాసుకుంది. భిన్న ప్రజలు ఏకం కావాలని దాని అర్థం. అప్పటికే ఆ భాష మాట్లాడేవారు ఒక్కరూ మిగలలేదు. డి.ఎన్.ఎ. అడగకుండానే మనవల్లోకి వస్తుంది. భాష మాత్రం మనం మాట్లాడితేనే వస్తుంది. ఒక రిజిస్టరు పోయాక రెండోదాన్ని దేనితో సరిచూస్తారు?