కేజ్‌వీల్స్ నేర్పిన లెక్క

ఇంజనీరును గద, బడి ముచ్చటలో బండి ముచ్చట తెస్తున్న, ఏమనుకోకుండ్రి.

నేనుండే మిన్నెసోటాలో చలికాలం స్నోమొబైల్ మీద తిరుగుతరు. ముందు రెండు స్కీలు, వెనుక రబ్బరు పట్టా. పొలారిస్ కంపెనీ పుట్టింది ఆ రాష్ట్రంలోనే.

మొదట 129 అంగుళాల పట్టా బండి కొన్న. చదును చేసిన దారిలో అది గుర్రమే. ఒక్కరెక్కే బండి మీద మా పిల్లగాన్ని ఎక్కించుకొని (తప్పే) దారి విడిచి మెత్తటి మంచులకు దింపిన. కూరుకుపోయింది. చీకటి పడేదాక చేతులతోనే తవ్వినం. వేళ్లు మొద్దుబారి వాడు ఏడ్చిండు.

అప్పుడు బాపు యాదికొచ్చిండు. నారాయణరావుపేటల కరిగెటప్పుడు ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ బిగించేటోడు, తారు రోడ్డెక్కే ముందు విప్పేటోడు.

ఈసారి కొత్తది చూస్తుంటే అమ్మేటాయన హార్స్‌పవర్ చెప్పిండు. నేను పట్టా అడిగిన. కొండల్లోని లోతు మంచుకు 154 అంగుళాలు, ఆ పైన పొడవుండాలె. పట్టా పళ్లు రెండున్నర, మూడంగుళాలు. అదే బండి గట్టిదారిలో ఇబ్బంది పెడతది. పట్టా ఎగజిమ్మే మంచుతోనే ఇంజను చల్లబడాలె, అక్కడ మంచు లేవదు, వేడెక్కుతది. నేను తిరిగేది ముప్పాతిక దారి, పాతిక అడవి. అందుకే 146 తీసుకున్న, పళ్లు రెండంగుళాల లోపే. ఓ పార కూడా కొన్న.

పిల్లగాడు ఇప్పుడు పెద్దోడైండు. తనకు 154 కావాలంటడు. నేనింకా ఊఁ అనలే.