వార్ధక్యమున వాక్యబోధ

ముదిమిలో మతి తగ్గుట యనగా పేర్లు మరచుటయే యని లోకము తలంచును. కొందరికి వాక్యబోధయు తొలినాళ్లలోనే సన్నగిల్లును.

"ఎద్దును తరిమిన కుక్క", "ఎద్దు తరిమిన కుక్క" - ఈ రెంటికి భేదము ఒక్క "ను" మాత్రమే. ఏది తరిమెనో, ఏది పరుగెత్తెనో దానివలననే తెలియవలెను. ఎద్దనగా నేమో, కుక్క యనగా నేమో ఎరిగియు వృద్ధుడు ఇచట తడబడవచ్చును. మన తెనుగున క్రియ సాధారణముగా తుదకు గాని రాదు. అందాక మొదటి మాటలను మనసున నిలుపుకొనవలెను గదా! ఆ పట్టు సడలును.

ఇంటివారు దీనిని మొండితన మందురు. చెవుడేమో ముందు చూపించవలెను. థైరాయిడ్ లోపము, బి12 కొరత కారణమైనచో చికిత్స కలదు. వయసుతో కొంత మందగించుట సహజమే. నిన్నటి దాక సులువుగా తెలిసినది నేడు తెలియకుండుట గమనింపదగినది.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి మున్నగువారు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒక్క భాషయే ఎరిగినవారికన్న బహుభాషలవారికి వ్యాధి సుమారు నాలుగున్నరేండ్లు ఆలస్యముగా పొడసూపెను, నిరక్షరాస్యులలోను ఆలస్యము కనబడెను. తెలుగుతోబాటు అరవమో కన్నడమో వినవచ్చు పెద్దపంజాణి సీమ కిది ఆశ గొలుపు మాటయే. రక్షరేకు మాత్రము కాదు.

అన్నిటికన్న భయంకరమైనది దస్తావేజు. పుట నిండ సాగు వాక్యమునకు పెద్దాయన "ఊ" కొట్టినంతనే వ్రేలిముద్ర వేయించుట అన్యాయము. ముక్కముక్కగా చదివి వినిపించి, ఏ చేను ఎవరికి పోవుచున్నదో ఆయన నోటనే చెప్పించవలెను. చెప్పలేనిచో ఆనాటికి కాగితము మడిచి, వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను.