పరదేశపు బడిలో మొదటి యేడు



బడిపంతులు బ్రతుకు మీ రెఱుగనిది కాదు. అయితే పంతులొక దేశమువాడు, బడి వేఱొక దేశమున, పిల్లలు పది పదునైదు దేశములవారు. ఇట్టి బడిలో క్రొత్తగా చేరిన ఉపాధ్యాయునకు దినము లెట్లు గడచునో నేడు కొంత మనవి చేయుదును. మన పెద్దలు సయాం అని చెప్పుకొనిన థాయిలాండు దేశమున, బాంకాకు నగరములో, ఒక అంతర్జాతీయ పాఠశాలలో గణితము చెప్పుటకు నేను కుదిరితిని.

ఇట్టి బడులు నిన్న మొన్నటివి కావు. 1924 లో జెనీవా నగరమున, నానాజాతిసమితి కొలువునకు వచ్చిన ఉద్యోగుల బిడ్డలకై ఒక బడి వెలసినది. తండ్రికి బదిలీ అయినప్పుడెల్ల బిడ్డ చదువు మొదటికి రాకుండుటకు, ఏ దేశమున నున్నను ఒకే పాఠక్రమము, ఒకే పరీక్ష ఉండవలెనను తలంపుతో 1968 లో ఆ జెనీవాలోనే ఇంటర్నేషనల్ బాకలోరియేట్ అను సంస్థ యేర్పడినది. బాంకాకులో 1951 నాటికే ఇట్టి బడి యొకటి నెలకొన్నది. ఇప్పుడు చాల యున్నవి. వీని రుసుము మిక్కిలి హెచ్చు. అచ్చటి సామాన్య రైతు బిడ్డ ఈ గడప త్రొక్కలేడు. ఈ సంగతి దాచి, తక్కినదంతయు పొగడుట నాకు న్యాయముగా తోచదు.

నా బసకు దగ్గఱగా సేన్ సేప్ అను కాలువ గలదు. ప్రొద్దుటి పూట కాషాయవస్త్రముల భిక్షువులు పాత్రలతో వీధివెంట పోవుచుండగా నేను రేవునకు పోయి, మోటారు పడవ యెక్కుదును. పడవ నిలుచునది రెప్పపాటు కాలమే. ఎక్కిన వెంటనే ప్రక్కనున్న త్రాటిని పట్టి, తుంపరలు మీద పడకుండ తెరను పైకి లాగవలెను. ఆ నీరు మురికినీరు. ఎనిమిది గంటలకు జెండా యెత్తి జాతీయగీతము పాడుదురు. ఆ వేళకు రైలు స్టేషనులలోను తోటలలోను జనులు ఎక్కడివారక్కడ నిలిచిపోవుదురు.

పరదేశీయుడు అచ్చట పంతులు కావలెనన్న కురుసపా వారి అనుమతి కావలయును. ఆ పేరు విన్నప్పుడు ఏదో చీనామాట యనుకొందురేమో. అది మన గురుసభయే. 1945 నాటి చట్టముతో పుట్టినది. ఇట్టివి అడుగడుగునను తగులును. పంతులును ఖ్రూ అందురు, అది గురుశబ్దము. పెద్ద చదువులు చెప్పువాడు అచాన్, అనగా ఆచార్యుడు. వారి శకము బుద్ధశకము; 2025 వ సంవత్సరము వారికి 2568.

మొదటి దినమున హాజరుపట్టీ చేతికి వచ్చినది. థాయి పిల్లల పేళ్లు సంస్కృత సమాసములు, చదువుటకు నాకు హాయిగా నుండెను. కాని ఆ పేరుతో పిలిచిన పలికిన వాడు లేడు! ప్రతి బిడ్డకు పొట్టి పిలుపుపేరొకటి యుండును. చిన్నవాడు, పిట్ట, పంది అని కూడ ముద్దుగా పిలుతురు. మంచి పేరు వినిన భూతములు బిడ్డ నెత్తుకొని పోవునని పూర్వము భయపడెడివారట. బిడ్డలు దక్కని యింట మనవారు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టుట మీకు జ్ఞప్తికి రాకమానదు.

తోటి ఉపాధ్యాయిని యొకతె ఆ దినముననే నాకొక హెచ్చరిక చేసెను: పిల్లల తలపై చేయి వేయరాదు. మనము తల నిమిరి దీవింతుము. వారికి తల మిక్కిలి పవిత్రమైన యంగము, పరులు తాకరాదు. మధ్యాహ్న భోజనము వేఱొక చిక్కు. చేపలను ఊరవేసి తీసిన ఉప్పురసము ఇంచుమించు ప్రతి కూరలోను పడును. మాంసము వలదన్న చాలదు. జే అను మాట నేర్చుకొన్న పిదపనే నేను నిశ్చింతగా తింటిని. ఆ మాటకు ఉల్లి వెల్లుల్లి సైతము లేని శాకాహారమని యర్థము.

గణితమునకు భాషాభేదము లేదని నేను వినియుంటిని. అది సగము నిజము. ఫ్రెంచి బిడ్డ దశాంశమునకు చుక్కకు మారుగా కామా పెట్టును. లక్ష, కోటి యన్న ఇంగ్లీషు బిడ్డకు తెలియదు. థాయి బిడ్డకు మాత్రము లక్షకు వేఱుగా పేరున్నది, సేన్ అందురు. ఒక బిడ్డ తెలియనిది వెంటనే అడుగును. మఱియొక బిడ్డ, అడిగిన పంతులుకు చిన్నతనమని తలచి, తల వంచుకొని కూర్చుండును. వాడు తెలిసి యూరకున్నాడో తెలియక యూరకున్నాడో కనిపెట్టుటకే నాకు మూడు నెలలు పట్టినది. గంట యైన పిదప వెనుక నిలిచి పలక తుడుచు నెపమున అడుగువారు కొందఱు. ఆ ఐదు నిమిషములలో జరిగిన చదువు గంటలో జరిగిన దానికి తీసిపోదు.

బడి తెఱచిన కొలది వారములకు వై ఖ్రూ, అనగా గురువందనము జరిగినది. తఱచుగా దానిని గురువారము నాడు జరుపుదురు. వారి భాషలోను అది బృహస్పతివారమే. పిల్లలు మోకాళ్లపై వచ్చి పూలపళ్లెములు సమర్పించిరి. అందు నూరువరహాల పూలు, వంగపూలు, గరిక యుండుట ఆచారము. నూరువరహాల మొగ్గ సూదివలె నుండును గనుక బుద్ధి వాడిగా నుండవలెనని. వంగపూవు క్రిందికి వ్రాలును గనుక విద్యార్థి వినయముగా నుండవలెనని. గరిక త్రొక్కినను చావదు, వేగముగా అల్లుకొనును గనుక విద్య అట్లు పెరుగవలెనని. ఆ పళ్లెము నందుకొన్నప్పుడు ఈ దేశమున నేను పరాయివాడనన్న తలంపు నాకు కొంతసేపు లేదు.

ఇక పిల్లల సంగతి. కొత్తవానిని చూచినంతనే మీదే యూరని అడుగుట మన అలవాటు. ఆ బడిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని బిడ్డ లెందఱో. పుట్టినది ఒకచోట, మాటలు వచ్చినది ఒకచోట, తల్లిదండ్రుల యూరు సెలవులలో చూచునది. రూత్ యూసీం అను అమెరికా పండితురాలు 1950 ప్రాంతములలో మన దేశమున కాపురమున్న అమెరికా కుటుంబములను పరిశీలించి, ఇట్టివారికి మూడవ సంస్కృతి బిడ్డలని పేరు పెట్టినది. తల్లిదండ్రులది ఒకటి, ఉన్న దేశమునది ఒకటి, ఈ రెంటికిని నడుమ వీరిది వేఱొకటి. దానికితోడు పంతుళ్ల ఒడంబడిక తఱచుగా రెండేండ్లే. జూనులో బడి మూయునాడు పిల్లలు ఒకరినొకరు కౌగిలించుకొని యేడ్తురు, కొందఱు ఏడ్వరు. ఏడ్వని వారిని గూర్చియే నాకు విచారము. వారు స్నేహము చేయుటయే మానుకొన్నవారు.

నా తరగతిలో పండ్రెండేండ్ల తెలుగు పిల్లవాడొకడు. ఆదివారము నాడు నాయనమ్మ ఫోనులో పలుకరించును. ఆమె చెప్పినదంతయు వానికి తెలియును, మారుపలుకుటకు మాట రాదు. ఫోను తల్లి చేతికిచ్చి తొలగిపోవును. మనుమనికి పొగరని నాయనమ్మ అనుకొన్నది. అది పొగరు కాదు, సిగ్గు. మీ యిండ్లలోను ఇట్టి మనుమలుందురు గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను. వానికి నేను అక్షరములు ముందు నేర్పలేదు. మంగళవారము సాయంకాలములు అరగంటసేపు, అన్నము తింటివా, మోకాలి నొప్పి తగ్గినదా, గేదె యీనినదా అను మాటలు నేర్పితిని. అవి పలికిన వానిని ముసలమ్మ నవ్వి దిద్దినదట. దిద్దిన మాట వాడు మరువలేదు.

వేసవిలో వాడు ఊరికి పోయెను. ఆగస్టులో బడి తెఱచిన నాడు ఒక నోటుపుస్తకము తెచ్చి నా బల్లపై నుంచెను. దొడ్డిలోని చెట్ల పేళ్లన్నియు నాయనమ్మ చెప్పగా ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్నాడు: కరివేప, మునగ, గన్నేరు, నందివర్ధనము. చివరి పుట వణకుచేతితో ఆమె స్వయముగా వ్రాసినది. అది తెలుగు లిపి. అందేమున్నదో చదివి చెప్పవలదనియు, తానే చదువుకొనునట్లు అక్షరములు నేర్పుమనియు వాడు నన్నడిగెను. ఆ మంగళవారమే ఓనమాలు మొదలు పెట్టితిమి.