చట్టానికీ ఈడు మీరుతుంది

ఎవరి పేరున ఈ సాయంత్రం ఇక్కడ కూడామో, ఆ ప్లీడరుగారి దగ్గరికి ఎవరొచ్చినా ఆయన మొదట అడిగే ప్రశ్న "అద్దె ఎంత?" అని. ఢిల్లీలో ఆ ప్రశ్నకు బలం ఎక్కువ. 1988 సవరణ తర్వాత నెలకు 3500 రూపాయలు దాటిన అద్దెకు 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. దాటకపోతే మాత్రం అద్దెదారుణ్ణి కదిలించడం కష్టం.

ఆ చట్టం 14(1)(ఇ) సెక్షను కింద యజమాని "నా అవసరానికి కావాలి" అని ఖాళీ చేయించమని అడగవచ్చు. అయితే 2008 దాకా అది నివాసానికిచ్చిన ఇల్లయితేనే. దుకాణమైతే ఆ మాట చెల్లేది కాదు. కొడుకు వ్యాపారం పెడతానంటే, సొంత కొట్టున్న తండ్రి మరొకరి కొట్టు అద్దెకు వెతకాల్సి వచ్చేది. ఇది వింతగానే ఉంటుంది కాని, దేశవిభజన నాడు శరణార్థులతో కిక్కిరిసిన ఢిల్లీని తలచుకుంటే అంత వింతేమీ కాదు. చేతిలో ఉన్న కొట్టూ పోతే ఆ కుటుంబాల గతేమిటి?

2008 ఏప్రిల్ 16న సత్యవతి శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంటికీ కొట్టుకూ మధ్య ఈ తేడాను కొట్టేసింది. నిబంధనను మొత్తంగా తీసెయ్యలేదు, తేడా చూపే మాటల్ని మాత్రం కత్తిరించింది. యజమానులు గెలిచింది ఆస్తిహక్కు మీద కాదు. రాజ్యాంగ 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి ఏనాడో తీసేసింది. వాళ్లు గెలిచింది రాజ్యాంగం 14వ అధికరణం మీద, అంటే సమానత్వం మీద.

ఆ తీర్పు ఊతంగా పట్టుకున్న పాత కేసుల్లో ఒకటి మనదే. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసు, 1983 అక్టోబరు. ఆంధ్రప్రదేశ్ అద్దె చట్టం 32(బి) సెక్షను 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మినహాయింపునిచ్చింది. కొత్త కట్టడాలు పెరగాలని ఆశ. పాతికేళ్లు గడిచి గోడలు పెచ్చులూడినా, చట్టం లెక్కలో అవి కొత్త భవనాలే! ఒకప్పుడు సబబైన విభజన కాలం గడిచాక సబబు కాకుండా పోతుందని చెప్పి కోర్టు ఆ మినహాయింపును రద్దు చేసింది. అప్పుడు లాభపడింది అద్దెదారులు. (ఆ డిసెంబరులోనే ప్రభుత్వం జీవో 636 తెచ్చి, పదేళ్లు నిండని భవనాలకు మళ్లీ మినహాయింపునిచ్చింది. సర్కారుకు ఉపాయాలు కరువా!) తెలుగు అద్దెదారులు నూరిన కత్తి పాతికేళ్లకు ఢిల్లీ యజమానుల చేతికొచ్చింది.

2008 తీర్పు నాకు సమ్మతమే. అయితే చట్టం ముసలిదైందని చెప్పవలసింది మొదట పార్లమెంటు కాదా? చెప్పింది కూడా. 1995లో ఢిల్లీకి కొత్త అద్దె చట్టం చేసింది. ఆగస్టు 23న రాష్ట్రపతి సంతకమూ పడింది. వ్యాపారులు వీధికెక్కారు. అమలు తేదీ ప్రకటించే అధికారం ప్రభుత్వానిది, అది ప్రకటించలేదు. ప్రకటించమని ఆదేశించండని అడిగితే, అది మా పని కాదని 2003లో సుప్రీంకోర్టే అంది. ప్రభుత్వాధికారం అంటే మనకు గుర్తొచ్చేది జప్తులూ నోటీసులూ. ఇక్కడ అది గెజిట్లో ఒక తేదీ వెయ్యకపోవడం. దాన్ని ఏ అధికరణం కింద సవాలు చేస్తారో నన్నడగకండి, ప్లీడరుగారికీ తెలియలేదు.