చివరి కార్యాలయమునుండి చూచినప్పుడు: సమాచార వ్యవస్థల ఏకీకరణ

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పెద్ద సంస్థలో సమాచార వ్యవస్థలను ఏ విధముగా ప్రణాళిక వేయవలెను, వాటిని ఒకదానితో నొకటి ఏ విధముగా కలుపవలెను అనునది నేటి మన విషయము. పేరు వినగానే ఇది ఇంజనీర్లు చూచుకొనవలసిన పని యని కొందరికి తోచవచ్చును. కాని రైలు కౌంటరులోను, తపాలా బల్ల వెనుకను కూర్చుండి ఆ వ్యవస్థల తప్పొప్పులను మోయుచున్నది మనము. కావున ఢిల్లీనుండి గాక భేజ్జినుండి ప్రారంభింతుము.

భేజ్జి బస్తరు సీమలో, సుక్మా జిల్లా కోంటా తాలూకాలోని గ్రామము. కోంటా దాటిన ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. శబరి ఆవల ఒడిశాలోని మల్కనగిరి. ఇండ్లలో కోయమాట, సంతలో తెలుగు, కచేరీలో హిందీ. రైలు లేదు. రోడ్డు పడుటయే ఒక చరిత్ర: 2017 మార్చిలో ఈ ప్రాంతమున రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన 12 మంది కేంద్ర రిజర్వు పోలీసు జవానులు ప్రాణములు కోల్పోయిరి. అట్టి చోట తీగ గాని, టవరు గాని ఎంత నిదానముగా వచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ గ్రామపు చిరునామానే గమనింపుడు. 1998 వరకు అది మధ్యప్రదేశ్ బస్తరు జిల్లా. ఆ పిమ్మట దంతెవాడ జిల్లా. 2000లో రాష్ట్రము ఛత్తీస్‌గఢ్ అయినది. 2012లో జిల్లా సుక్మా అయినది. ఊరు కదలలేదు, కాగితము మూడు మారులు మారినది. పొరుగున చింతూరుది ఇదే కథ: ఖమ్మం జిల్లాలో నుండి 2014లో తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారినది. మనుష్యుల పేర్లు మరియు చిక్కు. ఛత్తీస్‌గఢ్‌లో మడకం అని వ్రాసిన ఇంటిపేరు మల్కనగిరిలో మడ్కామి యగును. కవాసి అక్కడ కబాసి యగును. మిరపకాయ కోతలకు భద్రాచలం వైపు కూలికి వచ్చిన మనిషి పేరును అక్కడి గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొనును. మూడు రాష్ట్రముల పుస్తకములలో ఒకే మనిషి ముగ్గురగును. యంత్రము వచ్చి ఈ ముగ్గురిని ఒకరినిగా కలుపవలెను. అది కలుపలేనప్పుడు ఆ కూలివాడు వచ్చి నిలుచునది మన బల్ల ముందరనే.

ఇక మన సంస్థలు నడచిన దారి చూతము. రైల్వేలో ప్రతి బండికి, ప్రతి తేదీకి వేరు వేరు రిజర్వేషను రిజిస్టర్లు ఉండిన కాలము వృద్ధ సభ్యులకు జ్ఞాపకమే. తిరుగు ప్రయాణపు బెర్తుకు తంతి పంపి జవాబు కొరకు ఎదురుచూచిన ప్రయాణికులు ఎందరో. 1985 నవంబరులో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. తరువాత ముంబయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదులకు అదే పద్ధతి వచ్చినది. అయిననేమి? ఐదును ఐదు ద్వీపములు. ఒకదాని లెక్క మరొకదానికి తెలియదు. వాటిని కలుపు సాఫ్ట్‌వేరును రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా మనము క్రిస్ అని పిలుచు సంస్థ, తయారుచేసినది. ఆ కాన్సర్టు మొదట నడచినది మన సికిందరాబాదులోనే, 1994లో. ఐదు కేంద్రములును పూర్తిగా కలిసినది 1999 ఏప్రిలులో. మొదటి టిక్కెట్టునుండి లెక్కించిన పదమూడేండ్లకు పైబడినది.

ఈ పదమూడేండ్లను ఆలస్యమని నిందించువారు కలరు. మేము అట్లు అనుకొనుట లేదు. ఆ కూర్పులో ఒక వివేకము కలదు. ఏ కేంద్రపు బండ్ల లెక్క ఆ కేంద్రముననే నిలిచినది. తక్కిన కేంద్రములు దానిని అడిగి సీటు తీసికొనును. అంతయు ఒకే కొట్టులో పోయలేదు. కలుపుట అనగా ఒక్కచోట కుప్పవేయుట యను భ్రమకు ఇది మంచి జవాబు. పైగా ద్వీపములను ముందు కట్టి వంతెనలను పిమ్మట కట్టినచో ఖర్చు రెండింతలగునని కూడ ఈ అనుభవమే చెప్పుచున్నది. 1985లోనే పేర్లు, సంకేత సంఖ్యలు, కోటాల నియమములు ఐదింటికిని ఒకటిగా నిర్ణయించి యుండిన మన గుమాస్తాలకు రెండు మారులు కొత్త పద్ధతి నేర్చుకొను శ్రమ తప్పియుండునేమో.

తపాలాశాఖ వేరొక దారి పట్టినది. అక్కడ మొదట కౌంటరునకు మేఘదూత్, సేవింగ్సు బ్యాంకునకు సంచయ పోస్టు అని వేరు వేరుగా నడచినవి. 2012లో ప్రభుత్వము 4,909 కోట్ల రూపాయల ఆధునికీకరణ ప్రణాళికను ఆమోదించినది. నవీముంబయిలో మూల దత్తాంశ కేంద్రము, ఆపద వచ్చినచో ఆదుకొనుటకు మైసూరులో మరొకటి ఏర్పడినవి. 2013 డిసెంబరులో చెన్నై గ్రీమ్సు రోడ్డు కార్యాలయముతో కోర్ బ్యాంకింగు ఆరంభమైనది. పాత లెడ్జర్లను కొత్త వ్యవస్థలోనికి ఎక్కించు రోజులలో సంతకము లేని ఖాతాలు, లెక్క కుదరక మైనసు చూపిన ఖాతాలు, ఒకే డిపాజిటరుకు రెండు మూడు గుర్తింపు సంఖ్యలు – వీటిని రాత్రులు కూర్చుండి సరిచేసినది ఎవరో ఈ సభకు చెప్పవలెనా? ప్రణాళిక కాగితములలో ఆ పనికి ఒక పేరు మాత్రము కలదు, గంటలు లేవు.

2017 డిసెంబరులో దర్పణ్ పథకము ప్రారంభమైనది. సుమారు 1 లక్షా 29 వేల గ్రామీణ శాఖా తపాలా కార్యాలయములకు చేతియంత్రములు ఇచ్చుట దాని ఉద్దేశము. 2025లో శాఖ తన మైసూరు కేంద్రములో తయారైన కొత్త వ్యవస్థను దేశమంతట ప్రవేశపెట్టినది. మారు దినమున కార్యాలయములలో లావాదేవీలు నిలిపిరి. బయటి కంపెనీపై ఆధారపడక శాఖ స్వయముగా నిర్మించుకొనుట హర్షింపదగినదే. దానిని నిర్మించినవారును మన సోదరులే. కాని శాఖా పోస్టుమాస్టరు విషయము వేరు. అతనికి పూర్వము బ్రాంచి ఆఫీసు ఖాతా పుస్తకము, జర్నలు, డెయిలీ అకౌంటు ఉండెడివి. తప్పు పడినచో ఏ పుటలో పడినదో వేలుపెట్టి చూపగలిగెడివాడు. నేడు నగదు అతని చేతిలో, లెక్క వందల మైళ్ల దూరములో. నడుమ సిగ్నలు. డబ్బు చెల్లించిన పిమ్మట సిగ్నలు పోయినచో ఆ చెల్లింపు జరిగినట్లా, జరుగనట్లా? తక్కువ పడిన సొమ్ము ఎవరిది?

ఈ ప్రశ్నను చిన్నదని తలపకుడు. బ్రిటనులో 1999 మొదలు అక్కడి పోస్టాఫీసు హొరైజన్ అను వ్యవస్థను ప్రవేశపెట్టినది. తయారుచేసినది ఫుజిత్సు సంస్థ. యంత్రము సొమ్ము తక్కువ యని చూపినది; సబ్‌పోస్టుమాస్టర్లు తాము తీయలేదనిరి. యంత్రమునే నమ్మిరి. 2015 వరకు 900 మందికి పైగా శిక్షితులైరి. కొందరు చెరసాలకు వెళ్లిరి, కొందరు ఇండ్లు అమ్మి చెల్లించిరి. సాఫ్ట్‌వేరులోనే దోషములు కలవని 2019 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి ఆ శిక్షలను రద్దుచేయవలసి వచ్చినది. ప్రతివాడును తన కార్యాలయములో మాత్రమే ఈ దోషమని నమ్మి ఒంటరిగా మిగిలియుండుట అందులో మిక్కిలి బాధాకరమైన సంగతి. తక్కినవారికిని అదే జరుగుచున్నదని తెలిసికొనుటకే వారికి ఏండ్లు పట్టినది.

కావున యంత్రము వద్దని మేము అనము. భేజ్జి వంటి ఊరి వృద్ధురాలికి పింఛను ఇంటివద్ద అందునెడల అంతకన్న కావలసినదేమి? మేము అడుగునది వేరు. ప్రణాళిక వేయునాడే, టెండరు పిలువకముందే, చివరి కార్యాలయములో పనిచేయువాడు ఆ బల్లవద్ద కూర్చుండవలెను. సంబంధము తెగిన గంటలో ఏ పుస్తకమున వ్రాయవలెనో, ఆ వ్రాతకు ఎంత విలువయో లిఖితపూర్వకముగా ఉండవలెను. తేడా వచ్చినచో సొమ్ము రాబట్టుటకు ముందు వ్యవస్థలోని నమోదులను ఉద్యోగికి చూపవలెను. పేర్లు కలుపునప్పుడు మడకం, మడ్కామి ఒకటే యని నిర్ణయించు అధికారము, ఆ మనిషిని ఎరిగిన డాక్ సేవకుని సాక్ష్యమునకు లోబడి యుండవలెను.

శాఖా కార్యదర్శులకు ఒక మనవి. వచ్చు నెల మొదటి తేదీనుండి నెలపొడవున మీ పరిధిలోని ప్రతి చిన్న కార్యాలయములో సంబంధము తెగిన వేళలు, ఆ వేళలలో నిలిచిన పనులు, తేడా పడిన మొత్తములు ఒక సాదా నోటుపుస్తకములో వ్రాయించుడు. రైల్వే సోదరులు టిక్కెట్టు కౌంటర్లలోను, గూడ్సు కార్యాలయములలోను అట్లే చేయవలెను. తేదీ, గంట, వ్రాసినవారి సంతకము తప్పక ఉండవలెను. నెల ముగియగానే ప్రతులను కేంద్ర కార్యాలయమునకు పంపుడు.