ఆమె చీరలు – మూడు బొంతలు
(మన సంఘం కంకిపాడు సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



పాత నేత చీరలు ఎక్కడికి పోతున్నాయో మీకు తెలియనిది కాదు. స్టీలు సామాన్లవాడు వీధిలో కేకవేస్తే మూడు నాలుగు చీరలకు ఒక గిన్నె! మా ఆవిడ మంగళగిరి చీరలు మాత్రం నేను ఇవ్వనివ్వలేదు. ఆమె పోయాక మా అక్కయ్య దగ్గర కూర్చుని బొంత కుట్టడం నేర్చుకున్నాను.

చీరలను గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టాలి. చిరుగులున్నవి లోపలికి, గట్టివి పైకీ కిందికీ. ముడత లేకుండా పరిచి, ముందు పొడుగు టాకాలతో పొరలు కదలకుండా పట్టించాలి. తర్వాత వరుసవెంట వరుస కుట్టుకుంటూ పోవడమే. పాలియెస్టరు కలపకండి, చెమట పీల్చదు, సూది కింద జారుతుంది. చంటిపిల్లలకు మూడు పొరలు చాలు, త్వరగా ఆరుతుంది. శుక్లాల ఆపరేషన్ అయినవారు సూదిలో దారం ఎక్కించే పని మనవలకు అప్పగించండి. మావాడు బడికి పోతూ పది సూదులకు ఎక్కించి పోతాడు.

నాకు ముగ్గురు పిల్లలు. ఎవరికి ఏ చీర? 5.5 మీటర్ల చీరను మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 6 అడుగులు, మనిషి పొడవు. అందుకని ప్రతి చీరా మూడు బొంతల్లోనూ పడేలా కోశాను. రెండు పూర్తయినాయి. మూడోదానికి చిరుగులు పోగా ఒక పొర తగ్గింది. నా పాత పంచె వేశాను.